అడగండి – చెబుతాం: యూరప్ రైళ్లలో సామాను

చదువులకు బయల్దేరే పిల్లలు, వాళ్లను చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు, పదిహేను రోజుల్లో ఆరు దేశాలు చుట్టేద్దామనుకునే జంటలు. ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు వీళ్ల దగ్గర్నుంచే వచ్చాయి, అందరి బెంగా పెట్టెల గురించే. ఒక్క సంగతి ముందే చెప్పేస్తే కింది జవాబులు సులువుగా అర్థమవుతాయి. దొంగ పెట్టె ఎత్తుకున్నాక దిగిపోవాలి కదా. అందుకే ప్రమాదమంతా రైలు ఆగి, తలుపులు తెరిచి ఉన్న ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఉంటుంది. నడిచే రైల్లో కునుకు తీసినా పెద్దగా నష్టం లేదు. ఆగిన రైల్లో మాత్రం కళ్లు తెరిచి ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి జర్మనీలోని ఆఖెన్ వెళ్తున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి రైలెక్కాలి. 23 కిలోల సూట్‌కేసులు రెండు, క్యాబిన్ బ్యాగు, వీపు సంచి ఉంటాయి. అక్కడ కూలీలు దొరకరంటున్నారు. ఒక్కడే ఎలా ఎక్కుతాడు?
— ఒక తండ్రి, ఖమ్మం

కూలీలు దొరకరు, నిజమే. విమానాశ్రయంలో తోపుడు బండి ఉంటుంది కానీ అది రైలు తలుపు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి రెండు మూడు మెట్లు, సన్నని నడవ, అంతా తన చేతుల మీదే. చేతులు రెండే, సామాన్లు నాలుగు. కాబట్టి మొదటి సలహా సర్దుడు గురించి: రెండో పెట్టెను 23 కిలోలదాకా నింపకండి. విమానం వాళ్లు ఒప్పుకున్నారు కదా అని బియ్యం, పప్పులు, కుక్కరూ కుక్కి పంపడం మనకు అలవాటు. జర్మనీలో విశ్వవిద్యాలయాలున్న ఊళ్లలో భారతీయ దుకాణాలు మామూలే. రెండో పెట్టె 15 కిలోల లోపు, కాస్త చిన్నదిగా ఉంటే తలకు ఎత్తున ఉండే అరలోకి ఎత్తగలడు. 23 కిలోలది అక్కడికి ఎక్కదు, ఎక్కించకూడదు కూడా. రైలు బ్రేకు వేస్తే అది ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు.

రెండోది, రైలు మారకుండా వెళ్లే బండి ఎంచుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో రెండు రైల్వే స్టేషన్లున్నాయి. ఒకటి స్థానిక రైళ్లది, ఇంకొకటి దూరప్రాంత రైళ్లది, దాన్ని ఫెర్న్‌బాన్‌హోఫ్ అంటారు. అక్కడ ఆగి బ్రస్సెల్స్ వెళ్లే ఐసీఈ రైళ్లు (జర్మనీ హైస్పీడ్ బళ్లు) కొలోన్ మీదుగా నేరుగా ఆఖెన్‌కి వెళ్తాయి. గంట ఆలస్యమైనా ఆ బండే మేలు. వేళ కుదరక కొలోన్‌లో మారాల్సి వస్తే, టికెట్ తీసే యాప్‌లో 'రైలు మారే సమయం' అనే చోట కనీసం 30 నిమిషాలు పెట్టుకోమనండి. లేకపోతే ఏడెనిమిది నిమిషాల్లో ప్లాట్‌ఫాం మారే ప్రయాణం చూపిస్తుంది. అది చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు సరిపోతుందే కానీ నాలుగు సామాన్లతో ఉన్నవాళ్లకు కాదు.

ఎక్కే పద్ధతి ఇది. ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ అని అక్షరాల బోర్డులుంటాయి. తన కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెరమీద చూసి పది నిమిషాల ముందే అక్కడ నిలబడాలి. ఒక్కోసారి కోచ్‌ల వరుస తిరగబడి వస్తుంది, అప్పుడు అది తెరమీద పడుతుంది, మైకులో కూడా చెబుతారు. దిగేవాళ్లు దిగాక వీలైతే మొదట ఎక్కేది తనే కావాలి. మర్యాదకు పోయి చివర్న నిలబడితే అప్పటికి అరలన్నీ నిండిపోతాయి. ముందు ఒక పెద్ద పెట్టె, వెంటనే రెండోది లోపలికి ఎత్తి పక్కకు జరపాలి, తర్వాత క్యాబిన్ బ్యాగుతో తను. పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్, ప్రవేశపత్రాలు ఉన్న వీపు సంచి మాత్రం ఒంటి మీద నుంచి దిగనే కూడదు. వెనక ఉన్నవాళ్లను "క్యోనెన్ జీ మియర్ బిట్టె హెల్ఫెన్?" అని అడిగితే చాలు, కాస్త సాయం చేయగలరా అని దానర్థం. తను అడిగిన మనిషి వేరు, అడగకుండా సాయానికి వచ్చే మనిషి వేరు. ఆ సంగతి కింద ఇంకో జవాబులో ఉంది.

లోపలికి వెళ్లాక సీటు వెతుక్కోవడం కన్నా ముందు పెట్టెల సంగతి చూడాలి. కోచ్ చివర్లో నిలువెత్తు అరలుంటాయి, కింది అర పెద్ద పెట్టెలకు. అవి నిండితే, వీపులు ఆనించినట్టు అటూ ఇటూ తిరిగి ఉండే సీట్ల జంటల మధ్య కింద త్రికోణం లాంటి ఖాళీ ఉంటుంది. 28 అంగుళాల పెట్టె అందులో పట్టొచ్చు, పట్టకపోవచ్చు. మధ్యరకం పెట్టె అయితే హాయిగా దూరుతుంది. తలుపు దగ్గరి ఖాళీలో వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని: దారికి అడ్డం, దొంగకు అందుబాటు. సీటు రిజర్వు చేసేటప్పుడు యాప్‌లోని పటంలో అరల గుర్తు చూసుకుని, వాటికి ఎదురుగా కనిపించే సీటు తీసుకుంటే ఆ రోజుకి సగం బరువు దిగినట్టే.

ప్రశ్న: మన రైళ్లలో కింది బెర్తు అడుగున కడియాలుంటాయి, గొలుసు వేసి తాళం పెట్టుకుంటాం. అక్కడ కూడా అలా చేయొచ్చా? నలుగురూ నవ్వుతారా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

నవ్వరు. కానీ కడియాలుండవు. అరకు ఉండే నిలువు కమ్మీయే ఆధారం. ఇనప గొలుసు బరువు, పైగా విమానంలో చేతి సామానుతో తీసుకెళ్తే తనిఖీలో ప్రశ్నలు. ప్లాస్టిక్ తొడుగున్న సన్నని స్టీలు తీగ తాళం తీసుకోండి, మీటరు పొడవు చాలు. సైకిల్‌కి వేసేది లేదా సామాను కోసమే అమ్మేది, అంకెల తాళం అయితే తాళంచెవి పోతుందన్న బెంగ ఉండదు. రెండు పెట్టెలుంటే రెండింటి పక్క పిడుల్లోంచీ తీగను దూర్చి కమ్మీకి చుట్టేయండి. పైకి లాగే కర్రపిడికి వేయకండి, ఆ గొట్టం సులువుగా విరుగుతుంది. పక్కవాళ్ల పెట్టె పిడి మీ తీగలో చిక్కుకోలేదని చూసుకోండి. మధ్య స్టేషన్లో వాళ్లు దిగాల్సి వచ్చి, మీరు నిద్రలో ఉంటే జరిగే రభస ఊహించుకోండి.

ఈ తాళం ఎంతవరకు పనికొస్తుంది? కత్తెర్లతో వచ్చే దొంగను ఆపదు. కానీ రైలు ఆగిన రెండు నిమిషాల్లో 'చేతికందింది ఎత్తుకుపోదాం' అని వచ్చేవాడు కత్తెర్లు తేడు. లాగి చూస్తాడు, రాకపోతే పక్క పెట్టె చూస్తాడు. తాళం చేసే పని అంతే, అదే చాలు. మీ స్టేషన్‌కి పది నిమిషాల ముందే విప్పేయండి. అక్కడ మధ్య స్టేషన్లలో బండి చాలాసార్లు రెండు నిమిషాలే ఆగుతుంది. ఆ కంగారులో అంకెలు గుర్తురాక పెట్టెతో సహా తర్వాతి ఊరికి వెళ్లాల్సి వస్తుంది.

జిప్పు గురించీ చెప్పాలి. చుట్టల జిప్పు (ఇనప పళ్లు కాకుండా నైలాన్ తీగ చుట్టలతో చేసినది) అయితే బాల్‌పెన్ మొనతో పొడిచి పాయలుగా విడదీయొచ్చు. లోపల ఉన్నది తీసుకుని, తాళం వేసిన రెండు జిప్పు పిడులనూ కలిపి అటూ ఇటూ జరిపితే జిప్పు మళ్లీ మూసుకుంటుంది, మీకు అనుమానమే రాదు. దీనికి విరుగుడు ఉంది. జిప్పు పిడులు రెంటినీ ఒకదానికొకటి మాత్రమే కాకుండా, పెట్టె ఒంటికి కుట్టి ఉన్న పిడికో రింగుకో కలిపి తాళం వేయండి. అప్పుడు పిడులు జరగవు, తెరిచిన జిప్పు తెరిచినట్టే కనిపిస్తుంది. పెట్టెతోపాటే వచ్చే 'టీఎస్ఏ 007' తాళాల్ని చూసి మురిసిపోకండి. అవి అమెరికా విమానాశ్రయాల తనిఖీ కోసం చేసినవి. వాటి ఉమ్మడి తాళంచెవుల ఫొటోలు 2015లోనే బయటికొచ్చి, వాటిని చూసి నకళ్లు కూడా తయారయ్యాయి.

పై అరలో పెట్టేటప్పుడు మీ నెత్తి మీద కాకుండా నడవకు అవతలి వైపు, మీ కళ్లెదుట ఉండేట్టు పెట్టండి. నెత్తి మీదున్న సంచిని ఎవరు తీసినా మీకు కనపడదు.

ప్రశ్న: రోమ్, మిలాన్ స్టేషన్లలో సాయం చేస్తామంటూ వచ్చి దోచుకుంటారట. వాళ్ల పద్ధతులేమిటో ముందే చెబితే జాగ్రత్త పడతాం.
— కొత్త దంపతులు, విజయవాడ

ఊళ్లు వేరైనా పద్ధతులు ఏడెనిమిదికి మించవు. రోమ్ టెర్మినీ, మిలాన్ చెంత్రాలే, పారిస్ గార్ దు నోర్, బ్రస్సెల్స్ మిడీ, బార్సిలోనా శాంట్స్, ఎక్కడైనా ఇవే.

మీరు చెప్పిన 'సాయం' మొదటిది. తలుపు దగ్గర ఒకరు మీ పెట్టె చనువుగా అందుకుంటారు. మీ చూపు ఆ పెట్టె మీద ఉండగా రెండో మనిషి మీ వీపు సంచి జిప్పు తెరుస్తాడు. లేదా పెట్టె లోపల పెట్టి పది యూరోలు ఇమ్మని అడ్డంగా నిలబడతారు. రైలు ఉద్యోగులకు యూనిఫాం ఉంటుంది, పెట్టెలు మోస్తామని వాళ్లు వెంటపడరు. రోమ్ టెర్మినీలో, మిలాన్‌లో ప్లాట్‌ఫాంకు ముందు టికెట్ చూసే గేట్లు పెట్టాక ఈ బెడద కొంత తగ్గింది. టికెట్ యంత్రాల దగ్గర మాత్రం ఉంది. అక్కడ ఎవరు వేలు చూపించి నేర్పబోయినా ఒక్క 'నో' చాలు, 'థాంక్యూ' కూడా అక్కర్లేదు. మాట కలపడమే వాళ్లకు కావాల్సింది.

రెండోది కిటికీ మీద తట్టడం. ప్లాట్‌ఫాం మీద నుంచి ఒకడు అద్దం కొట్టి, ఏదో అడుగుతున్నట్టు చేతులు తిప్పుతాడు. మీరిద్దరూ అటు తిరుగుతారు. నడవ వైపు సీటులో పెట్టిన చేతిసంచి ఇటు నుంచి మాయం. చిల్లర కింద జారవిడవడం, బట్టల మీద ఏదో పడిందని చూపించి తుడవబోవడం కూడా దీని తోబుట్టువులే.

మూడోది నడవలో ఇరికించడం. ముందున్నవాడు సామాను సర్దుకుంటున్నట్టు ఆగిపోతాడు, వెనకవాడు తోస్తాడు, మధ్యలో మీరు. పది సెకన్లలో ప్యాంటు జేబు ఖాళీ అవుతుంది. నాలుగోది తలుపులు మూసుకునే ముందు లాక్కుపోవడం, ముఖ్యంగా తలుపు పక్క సీట్లలో ఫోన్ పట్టుకున్నవాళ్ల దగ్గర. పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే ఆర్ఈఆర్-బీ రైల్లో అందుకే ఫోన్ లోపల పెట్టుకుని, పెట్టె పిడిలోంచి చెయ్యి తీయకుండా కూర్చోవాలి. కొక్కేనికి తగిలించిన కోటులో పర్సు, బల్ల మీద ఛార్జింగ్ పెట్టి వదిలిన ఫోను, సీటు కింద తోసిన సంచి, వీటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. సీటు కింది సంచిని వెనక వరుసవాడు కాలితో లాక్కోగలడు. పట్టీని మీ కాలికి ఒక చుట్టు చుట్టుకోండి.

ఇద్దరున్నారు కాబట్టి మీకో సులువైన ఏర్పాటు: ఎక్కాక ఒకరు సీట్లో చిన్న సంచులతో కూర్చోండి, రెండోవారు అర దగ్గరే నిలబడండి. తలుపులు మూసుకునేదాకా కూర్చోవద్దు. తర్వాత ఎక్కడెక్కడ ఆగుతుందో యాప్‌లో చూసి పెట్టుకుని, ప్రతి స్టేషన్‌కీ ఒక నిమిషం ముందు లేచి అర వైపు వెళ్లండి. మూడు గంటల ప్రయాణంలో ఇది రెండు మూడుసార్లకు మించదు.

ప్రశ్న: సూట్‌కేసు లోపల ట్రాకింగ్ ట్యాగ్ వేస్తే సరిపోదా?
— పాఠకుడు, సికింద్రాబాద్

వేయండి, కానీ అది కాపలాదారు కాదు. పెట్టె పోయాక ఎటు పోయిందో చెబుతుందంతే. పై అరలో ఉన్న పెట్టె మీతోపాటే కదులుతోందని తెలిస్తే కాస్త స్థిమితం. లోపలి గుడ్డ కుట్టు విప్పి దాని వెనక పెట్టండి, పైజేబులో వద్దు. ట్యాగ్ చూపించిన ఇంటికి మీరే వెళ్లి తలుపు కొట్టకండి, పోలీసులకు ఆ తెర చూపించండి.

ప్రశ్న: పారిస్‌లో ఉంటున్న మా అమ్మాయి, పెట్టెలన్నిటికీ పేరు రాసిన చీటీ కట్టుకురమ్మంటోంది, లేకపోతే జరిమానా అంటోంది. నిజమేనా? పెట్టె సైజు మీద కూడా నిబంధనలున్నాయా?
— ఒక తల్లి, నెల్లూరు

నిజమే. ఫ్రాన్స్ రైళ్లలో ప్రతి సామానుకూ ప్రయాణికుల పేరు, ఇంటిపేరు ఉన్న చీటీ తప్పనిసరి. చీటీ లేని సంచి దిక్కులేని సంచి కింద లెక్క. అలాంటిది కనబడితే పోలీసులు వచ్చి రైలునే ఆపేస్తారు, ఒక్కోసారి స్టేషన్ ఖాళీ చేయిస్తారు. చీటీ మీద పేరు, ఫోన్ నంబరు చాలు. ఇంటి చిరునామా పైకి కనిపించేట్టు రాయొద్దు, ఆ ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉందని ఊరందరికీ చెప్పినట్టవుతుంది. చిరునామా కాగితం పెట్టె లోపల, మూత తెరవగానే కనిపించేట్టు ఉంచండి. బయటి చీటీ చిరిగిపోయినా అది పనికొస్తుంది.

సైజుకొస్తే, ఫ్రాన్స్ రైల్వే సంస్థ నడిపే హైస్పీడ్ రైళ్లు టీజీవీ ఇనుయిలలో ఒక్కొక్కరికి 70 × 90 × 50 సెం.మీ. లోపు పెద్ద సామాన్లు రెండు, 40 × 30 × 15 సెం.మీ. చేతిసంచి ఒకటి. దాటితే 50 యూరోల జరిమానా, 2024 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. మన 28 అంగుళాల పెట్టె ఇందులో హాయిగా ఇముడుతుంది. కాబట్టి సైజు గురించి కాదు, లెక్క గురించి జాగ్రత్త. అదే సంస్థ నడిపే చౌక రైలు ఊయ్‌గోలో మాత్రం కథ వేరు. మామూలు టికెట్‌తో క్యాబిన్ సైజు పెట్టె ఒకటి, చిన్న సంచి ఒకటి, అంతే. పెద్ద పెట్టెకు విడిగా డబ్బు కట్టాలి, అదీ టికెట్ తీసేటప్పుడే కడితే చవక.

లండన్ వెళ్లే యూరోస్టార్‌లో మామూలు తరగతికి 85 సెం.మీ. పొడవు లోపు పెట్టెలు రెండు, చేతిసంచి ఒకటి. తూకం ఉండదు, మీరు ఎత్తగలిగితే చాలు. స్పెయిన్ హైస్పీడ్ రైళ్లు ఏవీఈలలో తూకం మాట ఉంది: మూడు సామాన్లు దాకా, అన్నీ కలిపి 25 కిలోలు. అక్కడ విమానాశ్రయంలోలాగే సామానును స్కానింగ్ యంత్రంలోంచి పంపాలి, బయల్దేరడానికి రెండు నిమిషాల ముందు గేటు మూసేస్తారు. అరగంట ముందు చేరండి.

టీజీవీల్లో రెండంతస్తులవి చాలా ఉన్నాయి. పెద్ద పెట్టెలుంటే కింది అంతస్తు సీటు అడగమనండి మీ అమ్మాయిని. ఒక కోచ్ నుంచి ఇంకో కోచ్‌కి దారి పై అంతస్తులోనే ఉంటుంది కాబట్టి కింద వచ్చేపోయేవాళ్లు తక్కువ, మెట్ల బాధ లేదు.

ప్రశ్న: లండన్‌లో మా పెద్దవాడి ఇంట్లో నెల రోజులుండి, పారిస్‌లో చిన్నవాడి దగ్గరికి రైల్లో వెళ్తాం. ఆవకాయ, నెయ్యి, పూతరేకులు, కరివేపాకు, మామిడిపళ్లు పట్టుకెళ్లాలని మా ఆవిడ పట్టు. రైలే కదా, ఎవరడుగుతారు?
— విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

అడుగుతారండీ. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్లో సామాను మొత్తం ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్తుంది. బ్రిటన్ ఇప్పుడు యూరోపియన్ యూనియన్ బయట ఉంది కనుక, మీరు పారిస్ రైలెక్కడం అంటే సరిహద్దు దాటడమే. బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి సొంతానికైనా తీసుకెళ్లకూడదు. నెయ్యి పాలదే. కోవా, పాల మిఠాయిలూ అంతే. పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది కాబట్టి వదిలేయడమే మంచిది. లండన్‌లోనే తినేయండి, అవి నెలరోజులు ఆగే సరుకూ కాదు. పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపు ఉంది: విప్పని కంపెనీ ప్యాకెట్, 2 కిలోల లోపు.

తాజా పళ్లు, ఆకుకూరలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కాబట్టి మామిడిపళ్లు, కరివేపాకు కుదరవు. ఈ నియమం లేని పళ్లు అయిదే: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్. గుడికి పట్టుకెళ్లే కొబ్బరికాయా అరటిపళ్లూ చెల్లుతాయి, బంగినపల్లి చెల్లదు.

మామిడికాయ ఆవకాయకు అభ్యంతరం లేదు. మటన్, చికెన్ పచ్చళ్ల జోలికి వెళ్లకండి. విమానంలోలాగా 100 మిల్లీలీటర్ల నియమం ఇక్కడ లేదు, కిలో సీసా అయినా పర్వాలేదు. అసలు గొడవ నూనె కారడం. ప్లాట్‌ఫాంల మీద పెట్టె కుదుపులకు, అరలో అడ్డంగా పడుకోబెట్టినప్పుడు మూత మరల్లోంచి నూనె ఊరుతుంది. పైకి తేలిన నూనె చాలావరకు తీసేసి వేరే చిన్న సీసాలో పోయండి. నోటి దాకా నింపకుండా రెండు వేళ్ల ఖాళీ వదలండి. మూత కింద పాలిథిన్ ముక్క పరిచి బిగించి, మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, మధ్యలో పాత టవల్ చుట్టండి. పెట్టె మధ్యలో, నిలువుగా ఉంచండి. పెట్టెను అరలో కూడా చక్రాల మీద నిలబెట్టే చోటు చూసుకోండి. కుక్కర్ ఉంటే పైన సర్దండి. మందపాటి లోహం యంత్రంలో నల్లగా కనిపిస్తుంది, తెరిచి చూపించమంటారు. వంటింటి కత్తులు, కత్తిపీట వద్దు.

ప్రశ్న: వియన్నా నుంచి రోమ్‌కు రాత్రి రైలు తీసుకుందామనుకుంటున్నాం. ఇద్దరం అరవై దాటినవాళ్లం. నిద్రపోతే సామాను ఎలా?
— పాఠకులు, తిరుపతి

ఆస్ట్రియా రైల్వే నడిపే నైట్‌జెట్‌లో కూర్చునే సీట్లు, కూషెట్ అనే నాలుగు లేదా ఆరు బెర్తుల గది, ఒకరి నుంచి ముగ్గురికి సరిపోయే స్లీపర్ గది ఉంటాయి. సీట్లు చవకే కానీ మీరు తీసుకోకండి. రాత్రంతా స్టేషన్లలో ఎక్కేదిగేవాళ్లుంటారు, పెట్టెలకు మీరే కావలి కాయాలి. వీలైతే ఇద్దరికే స్లీపర్ గది తీసుకోండి. తలుపుకు లోపలి నుంచి తాళంతోపాటు రెండో గడియ కూడా ఉంటుంది. రెండూ వేయండి. చాలామంది ఒక్కటే వేసి పడుకుంటారు. పొద్దున్న కాఫీ తెచ్చే ఉద్యోగి గొంతు విని తీయండి. కూషెట్‌లో తోటి ప్రయాణికులు కొత్తవాళ్లు, రాత్రి బయటికి వెళ్లి వచ్చేవాళ్లు తలుపు వేయడం మర్చిపోతారు. అక్కడ పెద్ద పెట్టెలు కింది బెర్తు అడుగున, చిన్నవి తలుపు పైనున్న గూట్లో పెట్టొచ్చు. పాస్‌పోర్టు, డబ్బు, మందులు ఉన్న సంచి గోడవైపు తల పక్కన. 2023 డిసెంబరులో తిరగడం మొదలైన కొత్త నైట్‌జెట్‌లలో ఒక్కరికే సరిపోయే చిన్న గూళ్లున్నాయి, వాటికి కార్డుతో తెరుచుకునే లాకర్ కూడా ఉంటుంది. కానీ ఆ గూళ్లలోకి వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అవి వద్దు.

ఇంకో ముఖ్య విషయం. రాత్రి రైళ్లు చాలావరకు దారిలో విడిపోతాయి. ఒకే బండిలో కొన్ని కోచ్‌లు ఒక ఊరికి, కొన్ని ఇంకో ఊరికి. పగటి రైళ్లలోనూ ఇది ఉంది. బెర్లిన్ నుంచి వచ్చే ఐసీఈలు కొన్ని హామ్ స్టేషన్లో రెండుగా విడిపోతాయి. చోటు లేదని పక్క కోచ్ అరలో పెట్టె పెట్టి వస్తే, మీరొక ఊళ్లో, పెట్టె ఒక ఊళ్లో తేలుతుంది. కోచ్ తలుపు పక్కనున్న బోర్డు మీద మీ ఊరి పేరు చూసే ఎక్కండి.

ప్రశ్న: హోటల్ ఖాళీ చేశాక సాయంత్రం రైలుదాకా పెట్టెలు స్టేషన్లో పెట్టొచ్చా?
— పాఠకురాలు, విశాఖపట్నం

పెట్టొచ్చు. జర్మనీలో నాణేలో కార్డో తీసుకునే లాకర్లుంటాయి, గరిష్ఠంగా 72 గంటలు. ఆ తర్వాత తెరిచి సామాను తీసేస్తారు. పెద్ద సూట్‌కేసు పట్టే లాకర్లు కొన్నే, పదింటికల్లా నిండిపోతాయి. పారిస్ పెద్ద స్టేషన్లలో లాకర్ల గదికి ముందు స్కానింగ్ ఉంటుంది, రాత్రి మూసేస్తారు. తీసుకునే వేళ ముందే చూసుకోండి. ఇటలీలో మనిషి ఉండే కౌంటరు, గంటల లెక్కన. లండన్‌లోనూ మనిషికే అప్పగించాలి. లాకర్ నంబరునూ, చుట్టుపక్కల గుర్తులనూ, ఇచ్చిన చీటీనీ ఫొటో తీసుకోండి. 'నా లాకర్‌కి ఇంకా సమయం ఉంది, ఇది వాడుకోండి' అని తాళంచెవి ఇచ్చేవాళ్లను నమ్మకండి.

ప్రశ్న: రైల్లో మా చెల్లెలి చేతిసంచి పోయింది, మిలాన్‌లో దిగాక చూసుకుంది. పాస్‌పోర్టు అందులోనే. ఇలాంటప్పుడు ఏం చేయాలి? నష్టం ఎవరిస్తారు?
— పాఠకుడు, కరీంనగర్

ముందు ఫోన్‌లో కార్డులు ఆపించాలి, పది నిమిషాల్లో. తర్వాత స్టేషన్లోని రైల్వే పోలీసుల దగ్గరికి. ఇటలీలో పోల్‌ఫెర్ అంటారు, జర్మనీలో బుందెస్‌పోలిట్సాయ్. ఫ్రాన్స్ రైల్లో ఉండగానే 3117కి ఫోన్ లేదా 31177కి మెసేజ్ చేయొచ్చు, బ్రిటన్‌లో రైల్వే పోలీసులకు 61016 మెసేజ్ నంబరు. ప్రాణాపాయమైతే యూరప్ అంతటా 112. ఫిర్యాదు నకలు తీసుకోకుండా కదలొద్దు. రైలు నంబరు, కోచ్, సీటు, చివరిసారి సంచి చూసిన స్టేషన్ అందులో రాయించండి. ఆ నకలుతో భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. ఇటలీలో రోమ్‌లో ఎంబసీ, మిలాన్‌లో కాన్సులేట్ ఉన్నాయి. ఇండియాకు తిరిగొచ్చేయాలంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, అది ఒక్కసారి స్వదేశం చేరడానికే. ఇంకా తిరగాలన్నా, అక్కడే ఉండాలన్నా కొత్త పాస్‌పోర్టు, వీసా పని వేరేగా పడుతుంది. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఈమెయిల్‌లో ఉంటే ఈ పనులన్నీ సగం వేళలో తెములుతాయి.

నష్టం విషయంలో రైల్వే మీద ఆశ పెట్టుకోకండి. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం చేతి సామానుకు ప్రయాణికులదే బాధ్యత, రైల్వే తప్పు ఉందని తేలితేనే చెల్లిస్తారు. ప్రయాణ బీమా ఉంటే పత్రం చదవండి. కొన్ని బీమాలు విమానంలో అప్పగించిన పెట్టెలకే వర్తిస్తాయి. దొంగతనానికి వర్తించేవి కూడా 'గమనించకుండా వదిలిన సామాను'కు మినహాయింపు పెడతాయి.

ప్రశ్న: సామాను ఎవరూ ఎత్తుకుపోలేదు, మేమే రైల్లో మర్చిపోయి దిగిపోయాం. అప్పుడు?
— పాఠకుడు, ఒంగోలు

రైలు ఇంకా నడుస్తూ ఉంటే వెంటనే స్టేషన్ సమాచార కేంద్రంలో చెప్పండి, కండక్టర్‌కు కబురు పంపి తర్వాతి స్టేషన్లో దింపించగలరు. ఆ వేళ దాటితే ఆ రైల్వే వెబ్‌సైట్‌లో పోయిన వస్తువుల ఫారం నింపాలి. జర్మనీలో ఎవరూ రాని సామాను చివరికి వూపర్టాల్‌లోని కేంద్ర కార్యాలయానికి చేరుతుంది. 'నల్ల సూట్‌కేసు' అని రాస్తే ఉపయోగం లేదు. కంపెనీ పేరు, చక్రాలు రెండా నాలుగా, గీతలు, లోపల పైన ఏముందో రాయండి. 'పైన ఎర్ర అంచు జరీ చీర, పక్కన స్టీలు డబ్బా' అంటే అక్కడివాళ్లు ఇట్టే పోలుస్తారు.

ప్రశ్న: నాలుగు చక్రాల పెట్టె మంచిదా, రెండు చక్రాలదా?
— పాఠకురాలు, మచిలీపట్నం

రైలుకు రెండు చక్రాలది. నాలుగు చక్రాలది బ్రేకు వేసినప్పుడల్లా నడవలో షికారు చేస్తుంది, ప్లాట్‌ఫాం ఏమాత్రం వాలుగా ఉన్నా పట్టాల వైపు దొర్లుతుంది. ఉన్నది అదే అయితే పక్కకు పడుకోబెట్టండి, ప్లాట్‌ఫాం మీద చెయ్యి వదలకండి. రాళ్లు పరిచిన పాత వీధుల్లోనూ పెద్ద చక్రాలు రెండున్నదే నడుస్తుంది.

ప్రశ్న: స్విట్జర్లాండ్‌లో నాలుగు ఊళ్లు తిరగాలి. పెట్టెలు మోయకుండా ఉపాయముందా?
— పాఠకులు, నిజామాబాద్

ఉంది. అక్కడి రైల్వే డబ్బు తీసుకుని పెట్టెను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు విడిగా పంపుతుంది, ఒక్కోటి 25 కిలోల లోపు. అదే రోజు అందదు. ఇవాళ సాయంత్రం ఇస్తే ఎల్లుండి పొద్దున్న తీసుకోవచ్చు. కాబట్టి రెండు రాత్రులకు సరిపడా బట్టలు, మందులన్నీ చిన్న సంచిలో మీ దగ్గరే ఉంచుకోండి.